మందలో నుంచి వచ్చిన జ్వరం

మొన్న మా మార్కాపురంలోనే గుండె పరీక్ష చేయించుకోవడానికి వెళ్ళాను. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మా అమ్మాయి పట్టుబట్టి తీసుకెళ్ళింది. చీకటిగా ఉన్న చిన్న గదిలో ఎడమవైపుకు తిరిగి పడుకోమన్నారు. చల్లటి జిగురు ఏదో రాసి, ఒక పరికరాన్ని పక్కటెముకల మధ్య అదిమిపెట్టి, డాక్టరు తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. చిన్నవాడు. నేను భయపడుతున్నాననుకున్నాడేమో, తెరను కొంచెం నా వైపు తిప్పి, అదిగో అమ్మా మీ కవాటం అని చూపించాడు. పొగలాంటి నలుపు తెలుపుల మధ్య రెండు పలచటి రేకులు లేస్తూ వాలుతూ ఉన్నాయి. వయసు వల్ల కొంచెం లీకవుతోంది, మాత్రలు వాడితే చాలన్నాడు. కాగితం మీద రాసుకుంటూ, మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా అని అడిగాడు. లేదన్నాను.

అమ్మాయి మందులు కొనడానికి వెళితే బయట బెంచీ మీద కూర్చున్నాను. లేదని అంత తేలిగ్గా ఎలా అనగలిగానో నాకే అర్థం కాలేదు. మా అన్న కొండయ్య అలాంటి రేకు ఒకటి పాడైపోయి ఇరవై నాలుగేళ్ళకే చచ్చిపోయాడు. అది వంశంలో వచ్చే జబ్బు కాదు కదా, డాక్టరు అడిగింది అది కాదు కదా అని సర్దిచెప్పుకోబోయాను. కానీ నలభై ఏళ్ళకు పైగా నేను ఇలాగే ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఆ రోజు సాయంత్రం మాత్రం అన్నం కంచం పక్కకు జరిపి లేచిపోయాను.

మా ఊరు పెద్దారవీడుకు నడిచి వెళ్ళేంత దూరం. పడమట నల్లమల కొండలు, మిగతా మూడు వైపులా ఎర్రటి రాళ్ళ చేలు. కొంచెం మెట్ట పొలం ఉన్నా మా బతుకంతా గొర్రెల మీదే. రెండు గదుల మట్టి మిద్దె, దాని వెనక కంపతో కట్టిన దొడ్డి, దొడ్డిలో డెబ్బై ఎనభై గొర్రెలు, పాల కోసం కొన్ని మేకలు. ఇంటికీ దొడ్డికీ మధ్య ఒక తడిక మాత్రమే అడ్డం. అందుకని గొర్రె వాసన మాకు ప్రత్యేకంగా తెలిసేది కాదు. అన్నంలో, దుప్పట్లో, నా పుస్తకాల్లో, అమ్మ కొంగులో అంతటా అదే. పెద్దారవీడు హైస్కూల్లో నా పక్కన కూర్చునే పిల్ల జరిగి కూర్చున్న రోజున నాకా వాసన ఉందని తెలిసింది. తెల్లారేసరికి అమ్మ పొయ్యి రాజేసి సజ్జ రొట్టెలు తడుతూ ఉండేది. నాయన నోట్లో వేపపుల్లతో తడిక తీసుకుని దొడ్డిలోకి పోయి, ఒక్కో గొర్రెను కాలితో తట్టి లేపి, కుంటుతున్నదేదో, మేత మానిందేదో, పొదుగు దిగిందేదో చూసుకునేవాడు. ఆయనకు చదువు రాదు, వంద పైన అంకెలు సరిగా రావు, అయినా మందలో ఒక్కటి తగ్గితే దూరం నుంచే తెలిసిపోయేది. ఇంట్లో మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా ఆయన కళ్ళు తడిక వైపే ఉండేవి.

గొర్రెలు ఈనే కాలంలో మాత్రం దొడ్డి మా అన్నది. అన్న చేతులు సన్నగా పొడుగ్గా ఉండేవి. పిల్ల అడ్డం తిరిగిందంటే చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. చేతికి ఆముదం రాసుకుని, కళ్ళు మూసుకుని, లోపల కాళ్ళేవో తలేదో వేళ్ళతోనే వెతికి, మెల్లగా తిప్పి బయటికి లాగేవాడు. పిల్ల వెంట మాయ పడకపోతే దాన్నీ చేత్తోనే తీసేవాడు. పుట్టిన పిల్ల ఊపిరి తీసుకోకపోతే దాని మూతిని తన నోట్లో పెట్టుకుని, జిగురంతా పీల్చి ఉమ్మేసి, ఊపిరి ఊదేవాడు. రెండుసార్లు, మూడుసార్లు. పిల్ల చిన్నగా తుమ్మి తల విదిలించిందంటే మోచేత్తో మూతి తుడుచుకుని, తడిక దగ్గర నిలబడిన నా వైపు చూసి నవ్వేవాడు. ఆ నవ్వులో గొప్ప చెప్పుకోవడం ఉండేది కాదు. అంత సంతోషాన్ని నేను తర్వాత ఎవరి మొహంలోనూ చూడలేదు, నా పిల్లలు పుట్టినప్పుడు మా ఆయన మొహంలో కూడా. మేక పాలు మేం కాచి తాగేవాళ్ళం కాదు. పొదుగు కింద కూర్చుని నోరు తెరిస్తే అన్న ధారను నేరుగా నా నోట్లోకి కొట్టేవాడు. గోరువెచ్చగా, నురగతో, కొంచెం ఉప్పగా ఉండేవి. మేమంతా ఆ పాలే తాగాం. జబ్బు అన్ననే ఎందుకు ఎంచుకుందో నాకు చెప్పగలిగిన వాళ్ళెవరూ లేరు.

వదిన చెన్నమ్మది త్రిపురాంతకం దగ్గర ఊరు. సేద్యం చేసుకునే ఇల్లు, గొర్రెలు తెలియవు. వచ్చిన మొదటి నెల వాసనకు అన్నం తినలేక ముద్ద పట్టుకుని వాకిట్లోకి పోయి కూర్చునేది. అమ్మ అది చూసి మొహం చిట్లించేది. నెలలు తిరిగేసరికి ఆమే దొడ్డి ఊడ్చేది, పెంట తట్టలకెత్తేది, తల్లి దగ్గరికి రానివ్వని పిల్లలను ఒళ్ళో పెట్టుకుని పాలు పట్టేది. సాయంత్రం నాకు జడ వేస్తూ, స్కూల్లో చెప్పిన పాఠం పైకి చదవమనేది. ఆమెకు చదువు రాదు. పాఠం ఏదైనా సరే, చరిత్ర అయినా లెక్కలైనా, కథ విన్నట్టు వినేది. నేను తప్పు చదివితే ఆమెకు తెలియదని తెలిసి కూడా నేను జాగ్రత్తగా చదివేదాన్ని.

ఆమె వచ్చిన రెండో ఏడు గొర్రెలు ఈసుకుపోవడం మొదలైంది. నెలలు నిండకుండానే చచ్చిన పిల్లలను వేయడాన్ని మా వైపు అలా అంటారు. మొదట ఒకటి, వారం తిరిగేలోపు మూడు, ఆ తర్వాత రోజూ పొద్దున తడిక తీస్తే ఎక్కడో ఒక మూల ఎర్రగా, తడిగా, వెంట్రుకలు కూడా రాని ముద్ద ఒకటి పడి ఉండేది. నాయన వేపమండలు కట్టాడు. గంగమ్మకు పొంగలి పెట్టాడు. దిష్టి తీయించాడు. మంద చోటు మార్చి పొలంలో కట్టాడు. దేనికీ ఆగలేదు. అన్న రోజంతా ఆ గొర్రెల వెనకే ఉండి, లోపల నిలిచిపోయిన మాయలను చేత్తో తీస్తూ ఉండేవాడు. చచ్చిన పిల్లల్లో కూడా కొన్నిటి మూతి నోట్లో పెట్టుకుని ఊది చూసేవాడు. వదిన వాటిని తట్టలో వేసుకుని కంప అవతలికి తీసుకుపోయేది. అప్పుడు ఆమెకు ఐదో నెల.

ఒకరోజు మధ్యాహ్నం తట్ట దించి నడుం పట్టుకుని వాకిట్లో కూలబడిపోయింది. సాయంత్రానికి గర్భం పోయింది. మగపిల్లవాడని అమ్మ చెప్పింది. అమ్మ ఏడ్చింది, వదిన తల ఒళ్ళో పెట్టుకుని మూడు రోజులు కషాయం తాగించింది కూడా. అమ్మను చెడ్డదానిగా రాయడం నాకు చేతకాదు, ఎందుకంటే ఆమె చెడ్డది కాదు. కానీ మరుసటి ఏడు మళ్ళీ మందలో అదే జరిగి, వదినకు మళ్ళీ నాలుగో నెలలో పోయినప్పుడు అమ్మ ఏడవలేదు. వాకిట్లో కూర్చుని, ఇది అడుగు పెట్టినప్పటి నుంచి ఇంట్లోనూ నిలవడం లేదు, దొడ్లోనూ నిలవడం లేదు అంది. లోపల పడుకుని ఉన్న మనిషికి వినిపించాలనే అంది. అంతకుముందు అమ్మలక్కలు గుసగుసలాడుకున్న మాట అది. అమ్మ నోట్లోంచి వచ్చాక అది ఇంటి మాట అయిపోయింది.

వదిన లేచి తిరగసాగాక ఒక పొద్దున చీపురు తీసుకుని తడిక దగ్గరికి వచ్చింది. అమ్మ నన్ను పంపింది. నేను తడికకు అడ్డం నిలబడి చెప్పాను. నాకప్పుడు పదహారేళ్ళు.

"వదినా, నువ్వు దొడ్లోకి రావద్దంట. అమ్మ చెప్పింది."

ఆమె నా మొహంలోకి చూసింది. చీపురు తడికకు ఆనించి లోపలికి పోయింది. పది రోజుల తర్వాత ఆమె అన్న వచ్చి, కొన్నాళ్ళు విశ్రాంతిగా ఉంటుందని చెప్పి పుట్టింటికి తీసుకుపోయాడు. మా అన్న బస్సు దాకా వెళ్ళి, నెల తిరిగేలోపు వచ్చి పిలుచుకుపోతానని చెప్పాడట. నెలలు గడిచాయి. అతను వెళ్ళలేదు. అమ్మ మాటకు ఎదురు చెప్పే అలవాటు అతనికి లేదు. అతను అంత మెత్తనివాడు కావడం నాకప్పుడు నచ్చేది, ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. పైగా అప్పటికే అతనికి జ్వరం మొదలైంది.

అదొక వింత జ్వరం. పొద్దున లేస్తే మామూలుగా ఉండేవాడు. మందతో పోయేవాడు. పొద్దు వాలేసరికి వణుకుతూ వచ్చి గొంగడి కప్పుకుని పడుకునేవాడు. తెల్లారేసరికి చెమటతో గొంగడి, కింద చాప తడిసి ముద్దయ్యేవి. ఆ చెమటకు తడి గడ్డిలాంటి వాసన ఉండేది. అమ్మ రోజూ ఆ గొంగడి కంప మీద ఆరేసేది. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి, అన్నం సయించదు. పదిహేను రోజులుండి తగ్గేది, తగ్గిందనుకుంటే మళ్ళీ వచ్చేది. ఊళ్ళో సూదులు వేసే ఆయన టైఫాయిడ్ అన్నాడు. మలేరియా అని ఇంకొకరు చేదు మాత్రలిచ్చారు. బరువు తగ్గిపోయాక క్షయ అయి ఉంటుందన్నారు. అందరూ మంచిగానే చూశారు, ఎవరినీ తప్పు పట్టలేను. గొర్రెల గురించి మాత్రం ఎవరూ అడగలేదు. మేం కూడా చెప్పలేదు, చెప్పాల్సిన సంగతి అని మాకు తోస్తే కదా. అన్న ఆ జ్వరంతోనే ఇంకొక కాలం కూడా ఈనే గొర్రెల దగ్గర కూర్చున్నాడు.

చలికాలం వెళ్ళేసరికి దొడ్డి నుంచి ఇంట్లోకి నడిస్తే ఆయాసం రావడం మొదలైంది. పాదాలు ఉబ్బాయి. వేళ్ళ చివర్ల ఎర్రటి చుక్కలు కనిపించాయి. మార్కాపురంలో ఒక పెద్ద డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, గుండెలో శబ్దం బాగాలేదు, ఇక్కడ పెట్టుకోవద్దు, గుంటూరు తీసుకుపొమ్మన్నాడు. నాయనకు చదువు రాదు గనక నా చదువు కొన్నాళ్ళు ఆపించి నన్ను వెంట తీసుకెళ్ళాడు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కాం. అన్న కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనిపించిన ప్రతి మందనూ చూస్తూ, ఆ పొట్టేలు మంచిది, ఆ గొర్రె కుంటుతోంది అని చెబుతూ వచ్చాడు. మాట్లాడితే ఎగపోసేది. అయినా చెబుతూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో అతని రక్తం తీసుకున్నారు, ఒకసారి కాదు, మూడు రోజులు వరుసగా. వార్డులో ఒక డాక్టరమ్మ ఉండేది. సన్నగా, కళ్ళజోడుతో, ఎప్పుడూ నిద్ర చాలనట్టు కనిపించేది. నాలుగైదు రోజుల తర్వాత ఒక ఉదయం ఆమె అన్న మంచం మీదే ఒక పక్కన కూర్చుని, ఏం పని చేస్తావు, ఇంట్లో ఏమేమి జీవాలున్నాయి, పాలు కాచి తాగుతారా అని ఒక్కొక్కటే అడిగింది. తర్వాత నాయన వైపు తిరిగి, మీ గొర్రెలు ఈసుకుపోతున్నాయా అంది. నాయన తెల్లబోయాడు. మా దొడ్డి సంగతి గుంటూరులో ఉన్న ఈమెకు ఎవరు చెప్పారని నా వైపు చూశాడు. మూడేళ్ళ నుంచీ పోతున్నాయమ్మా అన్నాడు.

ఆమె మెల్లగా, మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. గొర్రెలు అలా ఈసుకుపోవడం దిష్టి కాదు, ఒక రకం సూక్ష్మక్రిమి వల్ల వచ్చే రోగం. ఆ చచ్చిన పిల్లల్లో, మాయలో, పాలలో ఆ క్రిమి ఉంటుంది. చేతి మీది చిన్న గీత నుంచి, నోటి నుంచి మనిషి రక్తంలోకి వస్తుంది. రక్తంలో తిరిగి తిరిగి కొందరిలో గుండెను పట్టుకుంటుంది. అన్న గుండెలో కవాటం మీద చేరి, అక్కడ గడ్డలా పెరిగి, కవాటాన్ని తినేసింది. సూదులు, మాత్రలు మొదలుపెడతాం, ఆరు వారాల పైనే వాడాలి, కానీ పాడైన కవాటం మందులతో బాగుపడదు, ఆపరేషన్ చేసి మార్చాలి, అది మద్రాసులో చేస్తారు, ఇతను అంతదాకా ప్రయాణం చేసేటట్టు ముందు బలం రావాలి అంది. లేవబోతూ ఇంకొక మాట అడిగింది.

"మీ ఇంట్లో ఆడవాళ్ళకు ఎవరికైనా గర్భం పోయిందా?"

నేనే చెప్పాను, మా వదినకు రెండుసార్లు పోయిందని. డాక్టరమ్మ తలూపింది. అది కూడా దీనివల్లే అయి ఉండొచ్చు, ఆమెను తీసుకురండి, రక్తం చూసి మందులిస్తాను, పాపం ఆమెకు ఇంకా పిల్లలు పుట్టొచ్చు అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

అన్న అంతా విన్నాడు. చాలాసేపు తన చేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు. నాయన వార్డు బయటికి పోయి వరండాలో కూర్చున్నాడు. అప్పుడు అన్న నన్ను దగ్గరికి పిలిచాడు. ఆగి ఆగి చెప్పాడు. ఆ మాటలు నేను మర్చిపోకూడదని అప్పుడే రెండుసార్లు లోపల అనుకున్నాను.

"చెన్నమ్మను పిలిపించు రత్నా. దానిది తప్పు కాదంట. అంతా నా చేతుల నుంచే వచ్చినాది. అమ్మ ముందర నేను చెప్తా. దాన్ని ఇంటికి తీసకపోదాం."

నాయన ఆ రోజే రైలెక్కాడు. వదిన ఊరికి పోయి ఆమెనూ, ఇంటికి పోయి అమ్మనూ తీసుకురావడానికి రెండు రోజులు పట్టింది. ఈ లోపల రెండో రోజు ఉదయం నేను అన్నకు గంజి తాగిస్తున్నాను. గ్లాసు అతనే పట్టుకున్నాడు. కుడి చేతిలోంచి అది జారిపోయి నేల మీద పడింది. వంగి తీసి తల ఎత్తేసరికి అతని మూతి ఒక పక్కకు పోయి ఉంది. ఏందన్నా అన్నాను. నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. డాక్టరమ్మ పరుగున వచ్చింది. కవాటం మీది గడ్డలోంచి ఒక ముక్క విరిగి, రక్తంలో కొట్టుకుపోయి తలలో అడ్డం పడిందని చెప్పింది. ఇలా అవుతుందనే భయపడ్డాను అంది. కుడి పక్క చెయ్యి, కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. కళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి, అన్నీ తెలుస్తున్నట్టే.

మరుసటి రోజు మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. ముందు అమ్మ, వెనక నాయన, వాళ్ళకు దూరంగా వదిన, ఆమె అన్న. ఏడాదిన్నరగా నేను వదినను చూడలేదు. బాగా నల్లబడింది. ఆమెను చూడగానే అన్న ఎడమ చెయ్యి దుప్పటి మీద కదిలింది. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. గొంతులోంచి ముక్కలు ముక్కలుగా శబ్దం వచ్చింది, మాట కాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మెడ నరాలు పొంగాయి. ఆమె మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అతని చెయ్యి పట్టుకుని, నా వైపు తిరిగింది.

"ఏమంటన్నాడు రత్నా?"

నాకు తెలుసు. ఆ వార్డులో అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మంచం కాళ్ళ వైపు అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఆమెకు డాక్టరమ్మ చెప్పింది ఇంకా తెలియదు. నాయన తల వంచుకుని నేల చూస్తున్నాడు. చుట్టూ మంచాల వాళ్ళంతా మా వైపే చూస్తున్నారు. ఆ మాట చెప్పాలంటే, అమ్మా నువ్వన్నది అన్యాయం అని అందరి ముందూ చెప్పాలి. తడికకు అడ్డం నిలబడింది నేనే అని కూడా ఒప్పుకోవాలి.

"ఏం లేదు వదినా. నీళ్ళడుగుతున్నాడు" అన్నాను.

ఆమె లేచి నీళ్ళు తెచ్చి చెంచాతో పోసింది. అన్న కళ్ళు నా మీదే ఉన్నాయి. నీళ్ళు మూతి పక్క నుంచి దిండు మీదికి కారిపోయాయి. ఆమె కొంగుతో తుడిచి మళ్ళీ పోసింది. అతను ఇంక నోరు తెరవలేదు. కళ్ళు కూడా మూసుకున్నాడు. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి, భార్య ఎవరని అడిగి, వదినను రక్తం తీయడానికి పక్క గదికి పిలుచుకుపోయింది. మూడో రోజు పొద్దున్నే అన్న పోయాడు. రాత్రి చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ ఆ మూడు రోజులూ నేను అతని మంచం చుట్టూ తిరిగాను.

ఊళ్ళో మట్టి చేసిన మరుసటి రోజే వదినను ఆమె అన్న తీసుకుపోయాడు. అమ్మ ఆపలేదు. అన్నను పూడ్చిన దిబ్బ మీద నుంచి వస్తూ, పిల్లలనూ పోగొట్టింది, పిల్లోణ్ణీ పోగొట్టింది అని అందరికీ వినబడేటట్టు ఏడ్చింది. నేను నాయన వైపు చూశాను. ఆయన నన్ను దొడ్డి వెనక్కి పిలుచుకుపోయి, తగ్గు గొంతుతో చెప్పాడు.

"వాడు పాయ. ఇప్పుడు ఈ సంగతి మీ అమ్మ చెవిన పడితే అది కూడా బతకదు. ఉండనీ అట్లనే."

నెల తిరగకముందే నాయన మందనంతా అమ్మేశాడు. హనుమంతునిపాడు వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరులు తోలుకుపోయారు. వాళ్ళలో ఒకడు కొత్తగా పెళ్ళైనవాడు, అన్న వయసువాడే. గొర్రెలు ఈసుకుపోతాయని గానీ, మనుషులకు జ్వరం వస్తుందని గానీ నాయన వాళ్ళతో ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఆ మంద దుమ్ము రేపుకుంటూ పోవడం తడిక దగ్గర నిలబడి చూశాను. ఆ రోగం మా దొడ్లో నుంచి ఎన్ని దొడ్లలోకి, ఎన్ని ఇళ్ళలోకి పోయిందో నాకు తెలియదు. దాని తర్వాత నాయన పదేళ్ళు బతికాడు గానీ ఏ జీవాన్నీ చేత్తో తాకలేదు.

అమ్మ ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా బతికింది. వదిన మీది కోపమే ఆమెను నిలబెట్టిందని నాకనిపిస్తుంది. ఆ కోపం తీసేస్తే తప్పు తన మీదే పడుతుంది కదా. నేను చదువుకున్నాను, టీచరునయ్యాను, మార్కాపురంలోనే కాపురం పెట్టాను. పెళ్ళైన కొన్నేళ్ళకు తెలిసింది, వదిన కూడా ఆ ఊళ్ళోనే పలకల ఫ్యాక్టరీలో పలకలకు చెక్క బిగించే పని చేస్తోందని. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆమె ఉండే వీధి నాకు తెలుసు. కూరగాయలకు ఆ దారిన పోతే దగ్గర, నేను చుట్టూ తిరిగి పోయేదాన్ని. నా తరగతిలో పిల్లలు పలకలు చేతిలో పట్టుకుని కూర్చుంటే, వాటిలో ఏది ఆమె చేతి మీదుగా వచ్చిందో అనుకునేదాన్ని. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మ కోసం చెప్పలేదనుకున్నాను. అమ్మ పోయాక ఆ సాకు కూడా లేదు. అయినా వెళ్ళలేదు.

ఇప్పుడు రోజులు మారాయంటారు. కొంత నిజమే. పశువుల డాక్టర్లు టీకాలు వేస్తున్నారు, ఈసుడు రోగం అని గోడల మీద రాస్తున్నారు. రక్తం చుక్కతో పరీక్ష చేస్తారు. కవాటాలు మార్చడం కూడా దగ్గరి ఊళ్ళలోనే జరుగుతోంది. మా అన్న ఇప్పుడు పుట్టి ఉంటే బతికేవాడేమో. అయినా మొన్న పరీక్ష అయ్యాక ఏదో పని మీద బస్సులో పెద్దారవీడు మీదుగా పోతుంటే, రోడ్డు పక్క ఒక కుర్రవాడు ఈనుతున్న గొర్రె దగ్గర కూర్చుని వట్టి చేతులతో పిల్లను లాగుతున్నాడు. బస్సు ఆగలేదు. ఆపమని నేనూ అనలేదు. రోగం పేరు తెలిసినంత మాత్రాన దాన్ని ఒకరితో ఒకరు చెప్పుకుంటారని ఏముంది, నేను చెప్పానా?

ఆదివారం పొద్దున వదిన ఇంటికి వెళ్ళాను. ఆమె మేనకోడలి ఇంట్లో ఒక వరండా గదిలో ఉంటోంది. ముందు గుర్తుపట్టలేదు. పేరు చెప్పాక మంచం మీద చోటు చూపించింది. పలకల దుమ్ముకు పట్టిన దగ్గు, మాట మాటకూ ఆగుతోంది. నేను సర్దుకుని సర్దుకుని, ఆ రోగం మందలోంచి వచ్చిందని, పిల్లలు పోవడం నీ వల్ల కాదని డాక్టరమ్మ చెప్పిందని మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే చెయ్యెత్తింది.

"అది నాకు ఆ పొద్దే తెలుసు రత్నా. రక్తం తీస్తా ఆయమ్మ చెప్పింది. 'మీ మామకూ ఆడబిడ్డకూ చెప్పినానమ్మా, నీది తప్పు కాదు' అనింది. మీరు ఎవురన్నా వచ్చి ఒక మాట అంటారేమోనని చూసినా. కొన్నేండ్లు చూసినా."

తల వంచుకునే, ఇంకొకటి ఉందన్నాను. అన్న అడిగింది నీళ్ళు కాదని చెప్పాను. మాట పోకముందు అతను నాతో అన్నదంతా ఒక్క అక్షరం పోకుండా చెప్పాను. దానిది తప్పు కాదంట, ఇంటికి తీసకపోదాం అన్నాడని చెప్పాను.

ఇది ఆమెకు తెలియదు. వాకిలి వైపు తిరిగింది. దగ్గు కూడా ఆగిపోయింది. నన్ను తిడుతుందని, పొమ్మంటుందని ఎదురుచూశాను. పొమ్మంటే బాగుండేది. ఆమె గొంతులో కోపం లేదు.

"నన్ను తిట్టుకుంటానే పోయినాడని అనుకుంటి గదే ఇన్నాళ్ళు. తీసకపోను రాకపోతే అంతే గదా అనుకుంటి." కొంచెం ఆగి, "మళ్ళొక తూరి చెప్పు. ఆయన ఎట్ల అన్న్యాడో అట్లనే" అంది.

మళ్ళీ చెప్పాను. కళ్ళు మూసుకుని వింది. ఇంకొకసారి అడిగింది. మూడోసారి నేను అతనిలాగా ఆగి ఆగి పలకబోయాను, కుదరలేదు. ఆమె కళ్ళు తెరిచి, మీ అన్న గొంతు ఎట్లుండె, నాకు గుర్తు రావడం లేదు అంది. సన్నగా ఉండేదా, బొంగురుగా ఉండేదా అని అడిగింది. ఎంత వెతికినా నాకూ గుర్తు రాలేదు. మాటలన్నీ ఉన్నాయి, అవి నా గొంతుతోనే వినబడుతున్నాయి. ఆమె ఇంకేమైనా చెబుతానేమోనని నా నోటి వైపు చూస్తూ కూర్చుంది.